ఏడు సెకన్ల స్లిప్పు: 2018 తెలంగాణ ఎన్నికల్లో వీవీప్యాట్ యంత్రం పనితీరు

2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభకు పోలింగ్ జరిగిన రోజున ఒక పల్లె బడిలో ప్రిసైడింగ్ అధికారిగా పనిచేశాను. ఓటరు మీట నొక్కే బ్యాలెట్ యూనిట్, ఓట్ల లెక్క ఉండే కంట్రోల్ యూనిట్ నాకు పాత పరిచయాలే. ఓటు ఎవరికి పడిందో కాగితం మీద అచ్చువేసి చూపించే వీవీప్యాట్‌తో పనిచేయడం మాత్రం అదే మొదటిసారి. ఆ ఎన్నికలో అప్పటికే అధికారంలో ఉన్న తెలంగాణ రాష్ట్ర సమితి 119 స్థానాలకు 88 గెలుచుకుని మళ్లీ ప్రభుత్వాన్ని ఏర్పాటు చేసింది. పాలకపక్షమే తిరిగి గెలిచినప్పుడు, యంత్రాంగమంతా వాళ్ల చేతిలోనే ఉంది కదా అన్న అనుమానం ఓడినవారికి రావడం సహజం. కాబట్టి ఈ యంత్రం మంచిచెడ్డలను ఓడిన పార్టీ ఏజెంటు కూర్చున్న బల్ల దగ్గరి నుంచి చూడాలని నా అభిప్రాయం.

ఆ ఏజెంటుకు వీవీప్యాట్ ఇచ్చే మొదటి భరోసా మాక్ పోల్, అంటే నమూనా పోలింగ్. పోలింగ్ ఉదయం ఏడింటికి మొదలవుతుంది కనుక, అంతకు ముందే ఏజెంట్లందరినీ కూర్చోబెట్టి కనీసం 50 ఓట్లు వేయించి, కంట్రోల్ యూనిట్ చూపిన లెక్కనూ పెట్టెలో పడిన స్లిప్పుల లెక్కనూ పక్కపక్కన పెట్టి చూపించాలి. ఆ తర్వాత లెక్క చెరిపేసి, యంత్రంలో సున్నా ఉందని అందరికీ చూపి, మాక్ పోల్ స్లిప్పులను నల్ల కవరులో పెట్టి సీలు వేయాలి. అంతకు ముందు ఎన్నికల్లో తెర మీద అంకెలు చూసి తల ఊపే ఏజెంట్లు, ఈసారి స్లిప్పులను తామే గుర్తుల వారీగా కుప్పలు పోసి లెక్కపెట్టుకున్నారు. ఒక యంత్రాన్ని నమ్మడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నేను చూడలేదు.

ఓటరు వైపు నుంచి చూస్తే ఇంత మెచ్చుకోలేను. నీలి మీట నొక్కగానే అభ్యర్థి క్రమసంఖ్య, పేరు, గుర్తు ఉన్న స్లిప్పు అద్దం వెనక ఏడు సెకన్లు కనిపించి, తెగి పెట్టెలో పడిపోతుంది. చూపు ఆనని పెద్దలకు ఆ వ్యవధి చాలదు. బస్సు టికెట్టులా చేతికి వస్తుందనుకుని, తమకు స్లిప్పు ఇవ్వలేదేమని బయటికి వచ్చి నన్ను అడిగినవారు ఉన్నారు. గుర్తు నలుపు తెలుపుల్లో, చిన్నగా ఉంటుంది. తమ గుర్తయిన కారును పోలిన ట్రక్కు గుర్తు వల్ల తమ ఓట్లు పక్కకు పోయాయని గెలిచిన పార్టీయే ఆ తర్వాత ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేసింది. పొరబాటున వేరే గుర్తు నొక్కినవారికి ఆ సంగతిని ఈ స్లిప్పు చూపించగలదు తప్ప దిద్దుకునే దారి ఇవ్వదు. నొక్కిన గుర్తు ఒకటి, అచ్చయినది ఇంకొకటి అని ఫిర్యాదు చేయడానికి 49ఎంఏ నిబంధన ఉంది కానీ, ఓటరు రాతపూర్వకంగా ప్రకటన ఇవ్వాలి, పరీక్ష ఓటులో అది అబద్ధమని తేలితే శిక్ష ఉంటుంది. నిజంగా అనుమానం వచ్చిన సామాన్యుడు కూడా ఆ మాట వినగానే వెనక్కి తగ్గుతాడు.

వాడకం కష్టం కాదు. ప్రయాణంలో కాగితపు చుట్ట కదలకుండా యంత్రం వెనకనున్న మరను అడ్డంగా ఉంచి, పోలింగుకు ముందు నిలువుగా తిప్పాలి. నేరుగా వెలుతురు పడేచోట పెట్టకూడదు, అందుకని మేము ఓటు వేసే కంపార్ట్‌మెంటును కిటికీ పక్కనుంచి లోపలి మూలకు జరిపాం. పోలింగ్ మధ్యలో వీవీప్యాట్ ఒక్కటే మొరాయిస్తే దాన్నొక్కదాన్నే మార్చవచ్చు. బ్యాలెట్ యూనిట్, కంట్రోల్ యూనిట్లలో ఏది చెడినా మొత్తం సెట్టును మార్చాల్సిందే.

నా అసలు అసంతృప్తి యంత్రంతో కాదు, దానిలో పడిన కాగితంతో. ఆ ఎన్నికల్లో ఒక్కో నియోజకవర్గంలో లాటరీ తీసి ఒక్క పోలింగ్ కేంద్రం స్లిప్పులనే లెక్కించారు. ఫలితాల రోజునే కాంగ్రెస్ నాయకులు స్లిప్పులన్నీ లెక్కించాలని కోరారు. ఆసిఫాబాద్‌లో కాంగ్రెస్ గెలిచింది 171 ఓట్లతో, ధర్మపురిలో పాలకపక్షం గెలిచింది 441 ఓట్లతో. ఇంత తక్కువ తేడా ఉన్నచోటనైనా, ఎవరు గెలిచారన్న దానితో పని లేకుండా, స్లిప్పులన్నీ లెక్కపెట్టడం న్యాయం. 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ సంఖ్యను నియోజకవర్గానికి ఐదు కేంద్రాలకు పెంచింది, అది మెరుగే. 2023లో ఇవే తరహా యంత్రాలు 2018లో గెలిచిన పార్టీని 39 స్థానాలకు దించాయి కాబట్టి ఇక అనుమానం ఎందుకని కొందరు అంటారు. ఆ వాదన నాకు నచ్చదు. ఒక ఎన్నికకు రుజువు ఆ ఎన్నిక పెట్టెల్లోనే దొరకాలి, ఐదేళ్ల తర్వాతి ఫలితంలో వెతుక్కోకూడదు.

సాయంత్రం ఐదు తర్వాత పోలింగ్ ముగించి, పోలైన ఓట్ల లెక్క రాసే 17సీ ఫారం ప్రతులు ఏజెంట్లకు ఇచ్చి సీళ్లు వేస్తున్నప్పుడు, ప్రతిపక్షం ఏజెంటుగా కూర్చున్న కుర్రవాడు మా వీవీప్యాట్ నంబరును జాగ్రత్తగా కాగితం మీద రాసుకుని, “సార్, ఈ పెట్టె తెరుస్తారా?” అని అడిగాడు. లాటరీలో వస్తే తెరుస్తారని చెప్పాను. లెక్కింపు రోజున లాటరీలో వేరే ఊరి కేంద్రం వచ్చింది.