ఎర్ర కారు కింద మూడు రంగుల ప్రైమర్లు: నాలుగేళ్ల వాడకం తర్వాత

నాది ఎర్ర రంగు స్విఫ్ట్. మెటాలిక్ కాదు, సాదా ఎరుపు. ఆ ఒక్క ఎరుపే ఈ కారు మీద నలుపు, తెలుపు, బూడిద రంగు ప్రైమర్ల (అసలు రంగుకి ముందు రేకు మీద వేసే అడుగు పూతల) మీద పడింది. నేనేమీ ప్రయోగం చేద్దామని చేయించలేదు. ఇసుక లారీ ఒకటి కుడివైపు రాసుకుంటూ పోయింది, తర్వాత ఎవరో పార్కింగ్‌లో బంపర్ పగలగొట్టారు, ఇంకోసారి డోర్లకు సొట్టలు పడ్డాయి. వేర్వేరు షాపుల్లో పని జరిగింది. రంగు కలిపించింది మాత్రం ప్రతిసారీ విజయవాడ ఆటోనగర్‌లో ఒకే మిక్సింగ్ షాపులో. ఫార్ములా చీటీ కూడా ఒకటే. అందుకే ఇప్పుడు ప్యానెళ్ల మధ్య కనిపించే తేడాకి రంగు డబ్బాని తిట్టుకునే అవకాశం లేదు.

నాలుగేళ్లు దాటాక నా అభిప్రాయం ఇది. ఎరుపు, పసుపు, నారింజ రంగులకు ప్రైమర్ రంగు చివరి ఛాయని కచ్చితంగా మారుస్తుంది. మా కారుకైతే లేత బూడిద రంగు అన్నిటికన్నా బాగా కుదిరింది. అంతకన్నా ముఖ్యమైన విషయం, పక్కపక్కనున్న ప్యానెళ్లన్నిటి కిందా ఒకే ఛాయ ఉండాలి. అన్నీ తెలుపైనా పర్వాలేదు, అన్నీ బూడిదైనా పర్వాలేదు. ఒకటి నలుపు, పక్కది తెలుపు అయితే మాత్రం ఎంత మంచి పెయింటరైనా చేయగలిగింది పెద్దగా ఉండదు.

ముందు నలుపు సంగతి. స్పేర్ పార్ట్స్ షాపులో కొత్త ఫెండర్ (ముందు చక్రం మీదుండే రేకు) కొంటే అది నల్లగానే వస్తుంది. తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో రేకుని ద్రావణంలో ముంచి, కరెంటు పంపించి వేసే పూత అది. ఈడీ కోట్ అంటారు. చాలా గట్టి పూత. మొదటి షాపులో దాన్ని వాటర్ పేపర్‌తో పైపైన గీకి నేరుగా ఎరుపు కొట్టేశారు. ప్రైమర్ వేయలేదేమని అడిగితే, "కంపెనీ ప్రైమరే సార్ అది, మళ్లీ ప్రైమర్ దేనికి?" అన్నారు. పట్టు విషయంలో ఆ మాటలో కొంత నిజముంది. ఆ ఫెండర్ మీద రంగు ఎక్కడా పొరలుగా లేవలేదు. కానీ ఛాయ? షాపులో ట్యూబ్‌లైటు కింద బాగానే ఉంది. మర్నాడు మిట్టమధ్యాహ్నం ఎండలో చూస్తే డోరు ఎరుపు, ఫెండర్ మెరూన్. కారు రెండు రంగుల్లో ఆర్డరిచ్చి చేయించుకున్నట్టుంది. మళ్లీ తీసుకెళ్తే పాలిష్ పెడితే కలిసిపోతుందన్నారు. పాలిష్ పెట్టారు. మెరుపు పెరిగింది, తేడా ఇంకా స్పష్టంగా కనపడింది. రబ్బింగ్ పాలిష్ పనిచేసేది పైనున్న క్లియర్ మీద, అంటే రంగు మీద వేసే పారదర్శకమైన పూత మీద. తేడా ఉన్నది దాని కింద రంగు పొరలో, ఆ కిందనున్న నలుపులో. పాలిష్‌తో షేడ్ కలుస్తుందని ఎవరైనా చెప్తే ఆ షాపు మార్చేయండి.

కారణం తరచి చూస్తే చాలా సులువైనది. సాదా ఎరుపులో వాడే పిగ్మెంట్లు (రంగునిచ్చే పొడులు) ఎక్కువగా సేంద్రియ రకం, అంటే కార్బన్ రసాయనాలతో తయారయ్యేవి. చూడ్డానికి మహా కాంతివంతంగా ఉంటాయి, కానీ కింద ఉన్నదాన్ని కప్పే శక్తి తక్కువ. వెలుతురు ఎరుపు పొరలోంచి దూరి ప్రైమర్‌ని తాకి తిరిగొస్తుంది. కింద తెలుపుంటే ఎక్కువ వెలుతురు తిరిగొచ్చి రంగు వెలుగుతుంది. నలుపుంటే వెలుతురుని అది మింగేస్తుంది, రంగు ముదురుతుంది. పల్చటి చీర కింద లంగా రంగు మారితే చీర రంగే మారినట్టుండదూ, అలాగే. పాతకాలంలో ఎరుపు, పసుపు పెయింట్లలో సీసం, క్రోమియం ఉన్న పిగ్మెంట్లు వాడేవారు. అవి బాగా కప్పేవి. అవి విషం కాబట్టి కార్ల పెయింట్లలోంచి చాలావరకు పోయాయి, పోవడమే మంచిది. కాకపోతే వాటితోపాటు ఆ కప్పే గుణమూ పోయింది. ఐరన్ ఆక్సైడ్ ఎరుపు బాగానే కప్పుతుంది గానీ అది ఇటుక రంగు, కారు మీద ఆ కళ రాదు.

మరి ఎరుపు నాలుగు కోట్లు (పూతలు) ఎక్కువ కొడితే సరిపోదా? కొంతవరకు. రంగు పొర మందం మామూలుగా 15 నుంచి 25 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటుంది, దాని మీద క్లియర్ 40 నుంచి 60 మైక్రాన్లు. నలుపుని పూర్తిగా కప్పేదాకా ఎరుపు కొడుతూ పోతే రంగు పొర లావెక్కుతుంది, లోపల తిన్నర్ చిక్కుకుంటుంది. తర్వాత ఎండలో అది బయటికి రావడానికి చూస్తే సూది మొనంత రంధ్రాలు పడతాయి, మెరుపు తగ్గుతుంది, రాయి తగిలితే పెచ్చు లేస్తుంది. పైగా ఎరుపు రంగు లీటరు ధర ప్రైమర్ ధర కన్నా చాలా ఎక్కువ. చవకైన ప్రైమర్‌తో తీరే పనిని ఖరీదైన రంగుతో చేయించడం ఎందుకు?

ఇక తెలుపు. బంపర్ పని ఇంకో షాపులో. ప్లాస్టిక్ కాబట్టి ముందు ప్లాస్టిక్ ప్రైమర్ పల్చగా కొట్టి, దాని మీద తెల్ల సర్ఫేసర్ (ఉపరితలాన్ని నునుపు చేసే మందపాటి ప్రైమర్) వేశారు. దాని మీద పడ్డ ఎరుపు మొదట్లో నాకు తెగ నచ్చింది. బానెట్ కన్నా ప్రకాశంగా, సాయంత్రం ఎండలో కొంచెం నారింజ వైపు మొగ్గుతూ ఉండేది. బంపర్ రంగు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడే చాలా కార్లలో పక్క రేకుతో వెంట్రుకవాసి తేడాగా ఉంటుంది. వాటిని విడిగా పెయింట్ చేస్తారు కాబట్టి కళ్లు కూడా ఆ తేడాకి అలవాటు పడిపోయుంటాయి. అందుకే ఇక్కడ తెలుపు గట్టెక్కింది. అదే తెలుపు డోరు కింద వేసుంటే మాత్రం ఇట్టే దొరికిపోయేది.

అసలు పని నేర్పింది మూడో షాపు. ఆటోనగర్‌లోనే వయసు మళ్లిన మేస్త్రి ఒకాయన. కుడివైపు రెండు డోర్లతో పాటు ఆ మెరూన్ ఫెండర్ని కూడా ఆయనకే అప్పగించాను. ఆయన ముందు కారు జోలికి రాలేదు. పెట్రోల్ ట్యాంకు మూత ఊడదీసి మిక్సింగ్ షాపుకి పంపించాడు. తర్వాత మూలన పడేసున్న పాత రేకు ముక్క తెచ్చి దాని మీద నిలువుగా నాలుగు పట్టీలు వేశాడు: తెలుపు, లేత బూడిద, ముదురు బూడిద, నలుపు. ఆరాక వాటి మీద అడ్డంగా ఎరుపు. మాస్కింగ్ టేపుతో భాగాలు చేసి ఒకచోట రెండు కోట్లు, ఇంకోచోట మూడు, చివర నాలుగు. కోటుకీ కోటుకీ మధ్య ఆరనిచ్చి, ఆఖరున మొత్తం మీద క్లియర్ కొట్టాడు. "రేపు పొద్దున రండి సార్, ఎండలోనే చూడాలి" అన్నాడు.

మర్నాడు ఆ రేకు పట్టుకుని షెడ్డు బయట నిలబడ్డాం. రెండు కోట్ల దగ్గర నాలుగు పట్టీలూ నాలుగు వేర్వేరు కార్ల రంగుల్లా ఉన్నాయి. తెలుపు మీద దాదాపు టమాటా రంగు, నలుపు మీద ఎండు రక్తం రంగు. మూడు కోట్ల దగ్గర తెలుపు, లేత బూడిద దగ్గరకొచ్చాయి గానీ తెలుపు ఇంకా ఎగిరి కనపడుతోంది. ముదురు బూడిద మీద గోధుమ ఛాయ పోలేదు. నాలుగు కోట్ల దగ్గర కూడా నలుపు పట్టీ అంచు కనపడుతూనే ఉంది. పెట్రోల్ మూత ఒక్కో గడి పక్కన పెట్టి చూస్తూ వస్తే, లేత బూడిద మీద మూడు కోట్లు పడ్డ గడి దగ్గర గీత మాయమైంది. ఎండలోంచి నీడలోకి జరిగి చూశాం, రేకుని వాల్చి పక్క చూపు చూశాం. కలిసింది. ఈ ఒక్క రేకు ముక్క చూశాక ఇంకెవరి మాటా వినాల్సిన పని లేకపోయింది.

ఆ బూడిద రంగుని ఆయన విడిగా కొనలేదు. ఒకే కంపెనీ తెల్ల సర్ఫేసర్లో నల్ల సర్ఫేసర్ కలిపాడు. నలుపు చాలా తక్కువ పడుతుంది, చేయి జారితే ముదిరిపోతుంది. మూడు ప్యానెళ్లకీ సరిపడా ఒకేసారి కలిపి పెట్టుకున్నాడు, మధ్యలో మళ్లీ కలిపితే అదే ఛాయ రాదని. పెద్ద పెయింటు కంపెనీల్లో ఈ బూడిద ఛాయలకు తెలుపు నుంచి నలుపు దాకా 1 నుంచి 7 వరకు నంబర్లు ఇచ్చే పద్ధతి ఉంది. ఏ రంగు కోడ్ కింద ఏ నంబరు వేయాలో ఫార్ములాతో పాటే వస్తుంది. పై రంగు ఎంత లేతగా, ఎంత ముదురుగా ఉందో కింద బూడిద కూడా దానికి దగ్గరగా ఉంటే తక్కువ కోట్లతో అసలు ఛాయ వచ్చేస్తుంది, అంతే రహస్యం. మీ మిక్సింగ్ షాపువాళ్లని ఆ చీటీలో ప్రైమర్ ఛాయ ఏమైనా రాసుందా అని అడగండి. చాలాసార్లు ఉంటుంది, మనం అడగం కాబట్టి వాళ్లు చెప్పరు.

వెనక డోర్లో ఇంకో చిక్కు వచ్చింది. హ్యాండిల్ కింద సొట్ట ఉన్నచోట పుట్టీ పెట్టారు. పుట్టీ మీద మాత్రమే ప్రైమర్ వేసి మిగతాదంతా పాత ఎరుపు మీదే కొడితే ఆ చోట మబ్బులా నీడ కనపడుతుంది. నేరుగా చూస్తే తెలియదు, పక్కనుంచి సాయంత్రం వెలుతురు పడ్డప్పుడు తెలుస్తుంది. పేపర్ కొట్టేటప్పుడు అంచుల దగ్గర ప్రైమర్ తెగి పాత రంగు బయటపడినా ఇదే గొడవ. అందుకని మేస్త్రి డోరు మొత్తానికి అదే బూడిదని పల్చగా సీలర్ కోటులా (కింద అంతా ఒకే ఛాయ చేసే పూతలా) కొట్టాకే ఎరుపు అందుకున్నాడు. బిల్లు కొంచెం పెరిగింది. నేను బేరమాడలేదు.

ఇప్పుడు వాడకంలో తేలిన సంగతులు. కారు మాకు ఆరుబయటే ఉంటుంది. విజయవాడ మే నెల ఎండ గురించి చెప్పేదేముంది. డోర్లు, ఫెండర్ ఇప్పటికీ ఒకదానికొకటి కలిసే ఉన్నాయి. ప్రైమర్ రంగు వల్ల రంగు వెలవడం తగ్గలేదు, పెరగలేదు. ఎండని ఆపేది క్లియర్, అందులో ఉండే యూవీ రక్షణ. క్లియర్ దగ్గర కక్కుర్తి పడితే కింద ఏ ప్రైమర్ ఉన్నా ఒకటే. ఎప్పుడూ పెయింట్ చేయని టాప్ మాత్రం వెలిసి, కొత్తగా వేసిన డోర్ల కన్నా పాలిపోయింది. ఆ తేడాకి, ప్రైమర్‌కి సంబంధం లేదు.

తెలుపు బాగా దెబ్బతిన్నది రాళ్ల దగ్గర. హైదరాబాద్ హైవే మీద లారీల వెనక తిరిగే కారు బంపర్ ఎలా ఉంటుందో తెలిసిందే. చిన్న రాయి తగిలిన చోటల్లా తెల్ల చుక్క. ఎరుపు మీద తెలుపు మైలు దూరం నుంచి కనపడుతుంది. టచప్ రంగు ఒకసారి అద్దితే గులాబీ రంగు చుక్కగా మారుతుంది, రెండు మూడుసార్లు ఆరనిచ్చి అద్దితే గానీ దారికి రాదు. ఫెండర్ మీదా చక్రం పక్కన దెబ్బలున్నాయి. అక్కడ బయటపడింది బూడిద, దూరానికి దుమ్ము అంటినట్టుంటుంది. మొదటి రోజు మార్కులేస్తే తెలుపే గెలిచేది. ఇప్పుడు అడిగితే బంపర్‌కి కూడా బూడిదే వేయించుకోమంటాను.

పసుపు కార్లవాళ్లకు ఈ లెక్క మారుతుంది. పసుపు కింద బూడిద పడితే ఆకుపచ్చటి మురికి ఛాయ వస్తుంది, దానికి తెలుపే సరి. ఇటుక రంగు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ మీద పసుపు కొడితే ఆవపిండి రంగులోకి దిగుతుంది. మూడు పొరల పెర్ల్ వైట్ అయితే మధ్యలో పడే ముత్యం కోటు దాదాపు పారదర్శకం కాబట్టి, దాని కిందనున్న తెల్ల గ్రౌండ్ కోటే అసలు రంగు. ముత్యం కోట్ల సంఖ్య కూడా లెక్కే, ఒకటి ఎక్కువైనా తెలిసిపోతుంది. ముదురు నీలానికి ముదురు బూడిద బాగా నప్పుతుంది.

వెండి రంగు, నలుపు కార్లున్నవాళ్లు ఇంత టెన్షన్ పడక్కర్లేదు. వెండి రంగులోని అల్యూమినియం రేణువులు, నలుపులోని కార్బన్ కిందనున్నదాన్ని బాగానే కప్పేస్తాయి. వాళ్ల తగాదా వేరు: పెయింటు కొట్టే గన్ను ఎంత దూరంలో పట్టుకున్నారు, గాలి ప్రెషర్ ఎంత, కోటు తడిగా పడిందా పొడిగా పడిందా అన్నదాన్ని బట్టి వెండి ఛాయ మారిపోతుంది. ఆ విషయంలో మా మేస్త్రి ప్రైమర్ పేరే ఎత్తడు, ముందు గన్ను నాజిల్ కడుగుతాడు.