మడ్ మోటార్, ఎం.డబ్ల్యూ.డి., రోటరీ స్టీరబుల్: పద్నాలుగేళ్లు వాడాక నా మాట

మా హబ్సిగూడ వీధిలోకి ఏటా ఎండాకాలం రాత్రిపూట బోరు బండి వస్తుంది. ఆరున్నర అంగుళాల హ్యామర్, కంప్రెసర్ గాలి, కింద గ్రానైట్. వెయ్యి అడుగులు దింపేసి తెల్లారేసరికి బండి వెళ్లిపోతుంది. మొన్న ఎదురింటి పెద్దాయన గేటు దగ్గర నిలబడి అడిగారు: "మీ చమురు బావి కూడా ఇంతేగా బాబూ? కాస్త లోతెక్కువ, అంతేనా?"

"బోరు నిట్టనిలువుగా దిగుతుంది అంకుల్. మేం ఒకటి రెండు కిలోమీటర్లు నిలువుగా దిగి, అక్కణ్ణుంచి పక్కకి తిరిగి, ఎవరి కొబ్బరితోట కిందనో ఉన్న ఇసుకరాతి పొరని వెతుక్కుంటూ వెళ్లాలి. అడుగున రాయిని తొలిచే మొన, అదే బిట్, ఎటు పోతోందో కంటికి కనపడదు" అన్నాను. ఆ కనపడని చోట మనకు కళ్లూ చేతులూ అయ్యే టూల్స్ గురించే ఈ సమీక్ష. ఇవి బజార్లో దొరికే వస్తువులు కావు, నిజమే. కానీ హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివి ఈ రంగంలోకి వస్తున్న పిల్లలు నన్ను తరచూ అడుగుతుంటారు. వాళ్లకి టూల్ కేటలాగులో ఉండే మాటలు కాక, వాడినవాడి మాట ఒకటి ఉండాలి.

నా వాడకం ఇది. తొమ్మిదేళ్లు రిగ్గుల మీద, ఎక్కువగా గోదావరి జిల్లాల్లో, కొంతకాలం కాకినాడ తీరానికి ఆవల సముద్రంలో. ఇరవై ఎనిమిది రోజులు రిగ్గు, ఇరవై ఎనిమిది రోజులు ఇల్లు. సికింద్రాబాద్‌లో గౌతమి ఎక్కితే రాజమండ్రి, అక్కణ్ణుంచి జీపు. గత అయిదేళ్లుగా గచ్చిబౌలిలో ఒక మానిటరింగ్ రూమ్‌లో కూర్చుని అవే బావులని తెర మీద చూస్తున్నాను. కంపెనీల పేర్లు రాయను. టూల్ సంగతే రాస్తాను.

ముందు మడ్ మోటార్. దీని వెనకున్న ఆలోచన 1930లలో రెనె మొయినో అనే ఫ్రెంచి ఇంజనీరుది. మెలికలు తిరిగిన ఉక్కు రోటర్ ఒకటి, దాని చుట్టూ లోపల రబ్బరు పోసిన స్టేటర్. స్టేటర్‌కి ఎన్ని లోబ్‌లు (మెలికల ఉబ్బులు) ఉంటే రోటర్‌కి వాటికంటే ఒకటి తక్కువ. తవ్వేటప్పుడు పైనుంచి పైపులోకి పంపు చేసే బురద ద్రవాన్ని మడ్ అంటాం. అది ఆ సందుల్లోంచి దూరుకుంటూ పోతూ రోటర్‌ని తిప్పుతుంది, రోటర్ బిట్‌ని తిప్పుతుంది. మోటార్ కింద ఒకటి, ఒకటిన్నర డిగ్రీల చిన్న వంపు పెడతాం. పైన పైపు తిప్పకుండా ఆపి మోటార్ మాత్రమే నడిపితే బావి ఆ వంపు వైపు తిరుగుతుంది. దాన్ని స్లైడింగ్ అంటాం.

ఇన్నేళ్ల తర్వాత కూడా మోటార్ అంటే నాకు గౌరవమే. సాదా యంత్రం, ధర తక్కువ, పాతకాలపు డ్రిల్లర్‌కి కూడా దాని తీరు చేతికి తెలుసు. ప్రెజర్ గేజ్ చూసి "ఇది బిగుసుకుంటోందండీ" అని చెప్పేస్తారు. దాని ప్రాణమంతా రబ్బరులో ఉంది, చావూ అక్కడే. నైట్రైల్ రబ్బరు వేడికి ఉబ్బుతుంది, ఉబ్బినకొద్దీ రోటర్ దాన్ని నలిపేస్తుంది, నలిగినకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. ఒక బావిలో షేల్ షేకర్ (పైకొచ్చిన మడ్‌లోంచి రాతిపొడిని వేరుచేసే జల్లెడ) మీద రాతిపొడితో పాటు నల్లటి రబ్బరు ముక్కలు రావడం చూశాను. నాలుగు కిలోమీటర్ల లోతునుంచి మొత్తం పైపు పైకి లాగి, మోటార్ మార్చి మళ్లీ దింపేసరికి రెండు రోజులు పోయాయి. తప్పు రబ్బరుది అనుకోకండి. వర్క్‌షాప్‌లో రోటర్, స్టేటర్ బిగుతు మామూలు వేడిలో కొలిచి పంపారు. కిందకి పోయాక రబ్బరు ఎంత ఉబ్బుతుందో లెక్కేసి, దానికి తగ్గ వదులు ముందే పెట్టుకోవాలి. అప్పట్నుంచి బావి అడుగు వేడి ఎంతో రాసి ఇవ్వకుండా నేను మోటార్ ఆర్డర్ పెట్టలేదు. తర్వాత ఈవెన్ వాల్ స్టేటర్లు వాడాను. వాటిలో లోబ్ ఆకారం ఉక్కులోనే ఉంటుంది, రబ్బరు అంతటా ఒకే మందంలో పలచగా ఉంటుంది. నాకు నిజంగా తేడా కనిపించిన మార్పుల్లో అదొకటి.

ఇక ఎం.డబ్ల్యూ.డి., అంటే మెజర్‌మెంట్ వైల్ డ్రిల్లింగ్, తవ్వుతుండగానే కొలిచే టూల్. నా మనసంతా దీని మీదే, కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను. బిట్‌కి కొన్ని మీటర్ల పైన, అయస్కాంతం అంటని మందపాటి గొట్టం (కాలర్) లోపల మూడు యాక్సిలరోమీటర్లు, మూడు మ్యాగ్నెటోమీటర్లు ఉంటాయి. బావి ఎంత వాలింది, ఏ దిక్కుకి పోతోంది అనేది ఇవి కొలుస్తాయి. కొలిచినదాన్ని పైకి పంపడానికి తీగ లేదు. చిన్న వాల్వ్ ఒకటి మడ్ ప్రవాహానికి అడ్డుపడుతూ, తప్పుకుంటూ ఉంటుంది. ఆ ఒత్తిడి అలలు మడ్‌లోంచి కిలోమీటర్ల దూరం ఎక్కి వస్తే పైన స్టాండ్‌పైప్ (రిగ్గు మీద మడ్ వెళ్లే నిలువు గొట్టం) దగ్గర సెన్సార్ పట్టుకుంటుంది. ఈ పద్ధతి 1978లో వ్యాపార వాడకంలోకి వచ్చింది, ఇప్పటికీ ఇదే ప్రధానం. వేగం సెకనుకి కొన్ని బిట్లు (తవ్వే బిట్ కాదు, కంప్యూటర్ సమాచారపు బిట్లు) మాత్రమే. మీ ఫోన్‌లో ఒక ఫొటో వాట్సాప్‌లో వెళ్లినంత సమాచారం ఈ దారిలో పైకి రావాలంటే రోజులు పడుతుంది.

అందుకే ఏ సంగతి ముందు పంపాలి, ఏది వదిలేయాలి అన్నది ఇంజనీరు చేతిలో ఉంటుంది. టూల్‌ఫేస్, అంటే మోటార్ వంపు ఎటు తిరిగి ఉందో ఆ సంగతి, ఎక్కువసార్లు పంపమంటే బావి బాగా తిప్పగలం, కానీ టూల్ ఒంటి సంగతి తెలియదు. టెంపరేచర్, షాక్, ఒత్తిడి పంపమంటే టూల్‌ఫేస్ ఆలస్యంగా వస్తుంది. ఈ ఎంపికలో నేను చేసిన తప్పు చెప్తాను.

భూమిలోకి కిలోమీటరు దిగితే మామూలుగా ముప్పై డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది. కృష్ణా గోదావరి బేసిన్‌లో కొన్ని బావుల్లో అంతకంటే ఎక్కువ. మామూలు టూల్ 150 డిగ్రీల దాకా, ఖరీదైనది 175 దాకా తట్టుకుంటుందని రాసి ఉంటుంది. ఆ బావిలో అడుగు రాయి వేడి 185, మా టూల్ 175ది. మడ్ తిరుగుతున్నంతసేపు అది టూల్‌ని చల్లబరుస్తుంది కాబట్టి 158 దగ్గర హాయిగా నడుస్తోంది. ఒక సాయంత్రం పైన లీకు సరిచేయడానికి పంపులు ఆపారు. అరగంట పని అన్నారు, రెండున్నర గంటలు పట్టింది. మడ్ కదలకపోతే టూల్ మెల్లగా రాయి వేడికి చేరుకుంటుంది, పైగా మడ్ ఆగితే దాని నోరూ ఆగిపోతుంది. పంపు మళ్లీ వేశాక ఒక్క పల్స్ రాలేదు. టూల్ నాసిరకం అని రిగ్గు మీద అందరూ అన్నారు, నేనూ లోపల అలాగే అనుకున్నాను. పైకి తీసి మెమరీ చదివితే 181 డిగ్రీలు. లోపల అతికించిన టెంపరేచర్ స్టికర్ గళ్లు చివరిదాకా నల్లబడ్డాయి. లిథియం 180.5 డిగ్రీలకు కరుగుతుంది. మాది మడ్ టర్బైన్‌తో నడిచే టూల్ కాబట్టి సరిపోయింది. మామూలు లిథియం బ్యాటరీ ఉండి ఉంటే దాన్ని విప్పిన కుర్రాడి చేతులేమయ్యేవో తలుచుకుంటే ఇప్పటికీ భయమే.

పంపు ఆపకముందు టెంపరేచర్ పైకి పంపమని నేను జాబితాలో పెట్టి ఉంటే, ఎంతసేపు ఆపొచ్చో ముందే లెక్క తేలేది. ప్రతి కనెక్షన్‌కి, అంటే పైన కొత్త పైపు తగిలించేటప్పుడల్లా, పంపు కొన్ని నిమిషాలు ఆగుతుంది కదా. మళ్లీ వేయగానే మొదట వచ్చే టెంపరేచర్ చూస్తే, నిమిషానికి ఎన్ని డిగ్రీలు ఎక్కుతోందో చేతికొస్తుంది. ఇప్పుడు నేను చూసే ఏ వేడి బావిలోనూ ఈ లెక్క లేకుండా పని జరగదు.

టెంపరేచర్‌తో పాటు నేను వదలనిది బావిలోని ఒత్తిడి కొలిచే సెన్సార్. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకున్నప్పుడు నేను మా అమ్మమ్మగారి ఊళ్లో ఉన్నాను. రాత్రి ఆకాశం ఎర్రగా, రెండు నెలలకు పైగా. ఆ వెలుతురు చూసిన పిల్లవాడికి అడుగున ఒత్తిడి ఎంతుందో తెలుసుకోవడం ఎంత అవసరమో ఎవరూ నేర్పక్కర్లేదు.

రోటరీ స్టీరబుల్ 1990ల చివరలో వచ్చింది. పైపు ఆపకుండా తిప్పుతూనే బావిని వంచుతుంది. నేను వాడిన రకంలో బిట్ వెనక మూడు ప్యాడ్‌లు ఉంటాయి. తిరుగుతూనే, ప్రతి చుట్టులో సరిగ్గా ఒకే వైపుకి వచ్చినప్పుడు ఒక్కో ప్యాడ్ బయటికి వచ్చి గోడని నెడుతుంది. మొదటిసారి దీంతో తవ్విన బావిలో కేసింగ్ (బావి గోడ కూలకుండా దింపే ఉక్కు గొట్టం) దిగిన తీరు చూసి సంతోషంతో ఇంటికి ఫోన్ చేశాను. స్లైడింగ్‌తో తవ్విన బావి మెలికలు మెలికలుగా ఉంటుంది, కేసింగ్ ప్రతి మెలికలో మొరాయిస్తుంది. ఇది నున్నగా వెళ్లిపోయింది. పైపు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి రాతిపొడి అడుగున పేరుకోదు, పైపు ఇరుక్కుంటుందనే టెన్షన్ సగం తగ్గుతుంది.

కానీ దీన్ని అన్నిచోట్లా వాడమని చెప్పను. రాజోలు వైపు కింద బసాల్ట్ పొర ఉంది. 6.6 కోట్ల ఏళ్ల నాటి దక్కన్ లావా, మన వికారాబాద్ దగ్గర కనిపించే నల్లరాయికి చుట్టమే. అందులోకి వజ్రపు బిట్‌తో ఈ టూల్ దింపాం. బిట్ ఒక్క క్షణం పట్టుకుని ఆగిపోతుంది, పైన పైపు మెలి తిరుగుతూనే ఉంటుంది, వదిలినప్పుడు బిట్ మామూలు వేగానికి రెండు మూడింతలతో గిర్రున తిరుగుతుంది. స్టిక్ స్లిప్ అంటాం. ఎలక్ట్రానిక్స్‌కి అది సుత్తి దెబ్బలతో సమానం. బరువు తగ్గించాం, తిప్పే వేగం పెంచాం, కొంత సర్దుకుంది. అయినా టూల్ బయటికి వచ్చేసరికి ప్యాడ్‌లు అరిగి ఉన్నాయి, బిట్ పళ్లు పెచ్చులూడాయి. దాని అద్దె, బావిలో పోతే కట్టాల్సిన డబ్బు కలిపి చూస్తే, బసాల్ట్ దాటేదాకా బిట్ పైన బిగించే సాదా సరంజామాయే (అసెంబ్లీ) మేలు. వాలు ఎక్కువగా ఉన్న పొడవాటి సెక్షన్లలో దీన్ని అడిగి తెచ్చుకోండి. చిన్న మలుపు ఒక్కటి ఉన్న బావికి మంచి మోటార్ చాలు.

ఇరుక్కున్న పైపుకి కింద గట్టి కుదుపు ఇచ్చే హైడ్రాలిక్ జార్ గురించి ఒక్క మాట. తొమ్మిదేళ్లలో అది నాకు నిజంగా అవసరమైంది రెండుసార్లే. రెండుసార్లూ ఇరుక్కున్న పైపుని విడిపించింది.

ఈ వారం మేం చూస్తున్న బావి 4,100 మీటర్ల దగ్గర ఉంది, టూల్ టెంపరేచర్ 161. నిన్న రాత్రి ఒంటిగంటకి గచ్చిబౌలి రూమ్‌కి రిగ్గునుంచి ఫోన్ వచ్చింది. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దాయన, అమలాపురం డ్రిల్లర్.

"బాబూ, పైన చిన్న లీకుందండీ. పంపు ఆపాలి. ఎంతసేపు ఆపొచ్చు?"

కనెక్షన్ల లెక్క చూశాను. నిమిషానికి అర డిగ్రీ ఎక్కుతోంది.

"ఇరవై నిమిషాలండీ గురువుగారూ. దాటేలా ఉంటే పైపు చల్లటి చోటిదాకా పైకి లాగి, అప్పుడు చేయించండి."

"అలాగే" అని పెట్టేశారు. పదిహేడో నిమిషంలో పంపు వేశారు. మొదటి పల్స్‌లోనే 169 చూపించింది, ఆ తర్వాత మెల్లగా దిగడం మొదలుపెట్టింది.