మా ఆర్వోలో టీడీఎస్ స్క్రూ: కొన్ని ఎండాకాలాలు చూశాక

వాటర్ ప్యూరిఫయర్ గురించి ఎవరడిగినా ట్యాంకు ఎన్ని లీటర్లు, ఎన్ని స్టేజీలు, యూవీ ఉందా లేదా అనే చెప్తారు. అవన్నీ డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నాను. నేను రాసేది ఒక్కదాని గురించే. ముందు మూత తీస్తే లోపల బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క కనిపిస్తుంది. దానికి అటొక సన్న పైపు, ఇటొక సన్న పైపు, నడుమ స్క్రూడ్రైవర్ పట్టేంత గాడి. పుస్తకంలో టీడీఎస్ అడ్జస్టర్ అని ఉంటుంది, మెకానిక్‌లు టీడీఎస్ స్క్రూ అంటారు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగి ఉన్న ఉప్పులు, ఖనిజాల మొత్తం, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్క. ఈ మిషన్ మీద నాకు ఇష్టం కలిగింది దానివల్లే, ఒళ్లు మండింది కూడా దానివల్లే.

మేముండేది వనస్థలిపురంలో. నల్లాలో కృష్ణా నీళ్లు వస్తాయి, నాగార్జునసాగర్ నుంచి అక్కంపల్లి, కోదండాపురం మీదుగా. టీడీఎస్ మీటర్ పెడితే మూడొందల చిల్లర చూపిస్తుంది. అదే నీళ్లు ఆర్వో మెంబ్రేన్, అంటే కరిగిన ఉప్పుల్ని ఆపేసే సన్నని పొర, దాటి వస్తే ఇరవయ్యో ముప్పయ్యో. ఆ నీళ్లు ఎన్ని తాగినా దాహం తీరినట్టుండదు, టీ పెడితే చప్పగా ఉంటుంది. స్క్రూని కాస్త వదులు చేస్తే కొన్ని నీళ్లు మెంబ్రేన్ లోపలికి పోకుండా పక్క పైపులోంచి వచ్చి శుద్ధి అయిన నీళ్లలో కలుస్తాయి. వంద దగ్గర పెట్టించాం. మొదటి గ్లాసుకే తేడా తెలిసింది. అప్పట్లో కొనేవాళ్లందరికీ ఇది ఉన్న మిషనే తీసుకోండని గట్టిగా చెప్పేదాన్ని.

మూడొందల నీళ్లకు అసలు ఆర్వో ఎందుకని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఇబ్బంది లేదు. అంతకు తక్కువున్న చోట ఆర్వో వాడకుండా నిషేధం పెట్టాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో కేంద్రానికి చెప్పింది కూడా. కానీ మా అపార్ట్‌మెంట్‌లో సంపు ఒక్కటే. నల్లా నీళ్లు, బోరు నీళ్లు, ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు అన్నీ అందులోనే పడతాయి. పొద్దున కుళాయిలో వచ్చింది కృష్ణా నీళ్లో ఏ బోరు నీళ్లో ఎవరూ చెప్పలేరు.

ఇంకో కారణం మా అత్తమ్మ. ఆమె పుట్టిల్లు నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ అంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. తోడబుట్టిన అన్న మోకాళ్లు వంకరపోయి గోడ పట్టుకుని నడవడం చూస్తూ పెరిగింది. ఇప్పటికీ కొత్త చోట నీళ్లిస్తే ముందు "ఇవి ఏ నీళ్లు బిడ్డా?" అని అడిగాకే గ్లాసు అందుకుంటుంది. ఫ్లోరైడ్ లీటరుకు ఒక్క మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీటి వసతి లేకపోతేనే 1.5 దాకా సర్దుకోవచ్చు. మన చేతిలో ఉండే టీడీఎస్ మీటర్ నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో కొలిచి, దాన్నిబట్టి ఒక అంకె చూపిస్తుంది, అంతే. మూడొందల్లో మూడు మిల్లీగ్రాములు ఫ్లోరైడ్ ఉన్నా ఆ అంకెలో అది కనబడదు. అందుకే ఇంట్లో ఆర్వో ఉండాల్సిందే అనుకున్నాం.

ఇక అసలు సంగతి. సర్వీస్ కాంట్రాక్టు కింద ఫిల్టర్లు మార్చడానికి కంపెనీ అబ్బాయి వచ్చాడు. అప్పటికే ట్యాంకు నిండడానికి గంటల తరబడి పడుతోంది, అదే చెప్పాం. ఫిల్టర్లు మార్చి, మూత బిగించి వెళ్లాడు. ఆ తర్వాత ట్యాంకు చకచకా నిండిపోయేది. కొత్త ఫిల్టర్లు కదా అని అందరం సంతోషించాం. సంపులో నల్లా నీళ్లే ఎక్కువున్నన్నాళ్లు నీళ్ల రుచిలోనూ తేడా రాలేదు.

ఎండలు ముదిరాయి. బోరులో నీళ్లు కిందికి దిగిపోయాయి, నల్లా నీళ్లు చాలలేదు, ట్యాంకర్లు మొదలయ్యాయి. ఓ రోజు కందిపప్పు రెండోసారి కుక్కర్‌లో పెట్టినా పలుకు పలుకుగానే ఉంది. కెటిల్ అడుగున తెల్లగా పెచ్చు కట్టింది. అత్తమ్మ ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసింది. "గివి మిషన్ నీళ్లు కావు. బోరు నీళ్ల లెక్కనే ఉన్నయి" అంది. మీటర్ పెట్టి చూస్తే ఆరొందల పైన! సంపు నీళ్లు చూస్తే వెయ్యి దాటాయి.

కంపెనీకి ఫోన్ చేస్తే కంప్లయింట్ నంబరు ఇచ్చారు, మనిషి మాత్రం రాలేదు. సాహెబ్‌నగర్ నుంచి ఒక మెకానిక్‌ని పిలిచాను. ఆయన మూత తీసి, ముందుగా ఆ స్క్రూని పూర్తిగా బిగించాడు. ట్యాంకులోకి వెళ్లే పైపు ఊడదీసి నా ముందు గ్లాసులో పెట్టాడు. దారంలా సన్నగా, ఆగి ఆగి నీళ్లు. "మేడం, మెంబ్రేన్ ఎప్పుడో జామ్ అయింది. మార్చకుండా స్క్రూ ఫుల్ ఓపెన్ చేసి పెట్టిండ్రు. మీరు తాగేది సగం సంపు నీళ్లే" అన్నాడు.

ఇందులో నన్ను బాధపెట్టింది డబ్బు కాదు. నీళ్లు నెమ్మదిగా రావడమే మెంబ్రేన్ పాడైందని మనకు తెలిసే గుర్తు. స్క్రూ తెరిచి ఆ గుర్తునే మాయం చేశారు. అరవై ఏళ్లుగా నీళ్లను అనుమానంగా చూస్తున్న మనిషి ఇక్కడైనా నిశ్చింతగా తాగుతోంది అనుకుంటుంటే, ఆమె గ్లాసులోకే శుద్ధి కాని నీళ్లు పంపారు. అది నేను మర్చిపోలేను. మా మిషన్‌లో రెండు నీళ్లూ కలిశాకే యూవీ (క్రిముల్ని చంపే దీపం) దాటి ట్యాంకులోకి వెళ్తాయి కాబట్టి క్రిముల భయం కొంత తక్కువ. యూవీ ఉప్పుల్ని, ఫ్లోరైడ్‌ని మాత్రం ఏమీ చేయదు. కొనేముందు పక్క పైపు యూవీకి ముందు కలుస్తుందో తర్వాత కలుస్తుందో తప్పకుండా చూడండి, కొన్నిట్లో తర్వాత కలుస్తుంది.

మెంబ్రేన్ కొత్తది వేయించాక కూడా ఒక సంగతి మిగిలింది. స్క్రూ ఒకచోట పెడితే అక్కడే ఉంటుంది, సంపు నీళ్లు మాత్రం రోజుకో రకం. మూడొందల నీళ్లతో వంద వచ్చేలా పెట్టామంటే దాదాపు పావు వంతు నీళ్లు మెంబ్రేన్ దాటకుండా వస్తున్నట్టు. అదే పావు వంతు వెయ్యి టీడీఎస్ నీళ్లయితే గ్లాసులో మూడొందల దాకా వస్తుంది. చూడ్డానికి ఆ అంకె బాగానే ఉంటుంది, నల్లా నీళ్లూ అంతే కదా అనిపిస్తుంది. కానీ ఏ ఊరి బోరో తెలియని ట్యాంకర్ నీళ్లలో ఏమేం ఉన్నాయో వాటిలో పావు వంతు నేరుగా వచ్చి కలిసిందన్న మాట. అంకె ఒకటే అయినంత మాత్రాన నీళ్లు ఒకటి కావు.

అందుకని ఇప్పుడు ట్యాంకర్లు మొదలైతే స్క్రూ పూర్తిగా బిగించేస్తాను, వానలు పడి నల్లా నీళ్లు నిలకడగా వచ్చాక కాస్త వదులు చేస్తాను. మూత తీసి స్క్రూడ్రైవర్‌తో చిన్నగా తిప్పడమే, పెద్ద పనేం కాదు. స్క్రూ బిగించి ఉన్నప్పుడు వచ్చే అంకె కూడా చూసుకుంటాను, మెంబ్రేన్ సంగతి నిజంగా తెలిసేది అప్పుడే. సర్వీసుకు ఎవరొచ్చినా ముందూ వెనకా రీడింగ్ నా ఎదురుగానే తీయిస్తాను. మూత దగ్గరే నిలబడతాను కూడా. మెంబ్రేన్లు, పైపులు బయట రాణీగంజ్‌లో మామూలుగా దొరికే సైజువే కావడం ఈ మిషన్‌లో నాకు బాగా నచ్చిన ఇంకో విషయం. ప్రత్యేకమైన బిగింపులున్న మోడల్ అయితే కంపెనీ మనిషి కోసమే కూర్చోవాల్సి వచ్చేది. వృథా నీళ్లు మాత్రం ఎక్కువే, లీటరుకు మూడు లీటర్ల దాకా. బకెట్లో పట్టి బాత్‌రూమ్ కడగడానికి వాడుతున్నాం.

ఇంతకీ కొనొచ్చా? ఏడాది పొడుగునా ఒకే రకం నీళ్లు వచ్చే ఇల్లయితే ఈ స్క్రూ ఉన్నది సంతోషంగా తీసుకోండి, రుచి విషయంలో నేను చెప్పినదాంట్లో మార్పు లేదు. మాలాగా సంపులో మూడు రకాలు కలిసే చోట, అందులోనూ ఇంట్లో స్క్రూ తిప్పే ఓపిక ఎవరికీ లేకపోతే, అసలు అడ్జస్టర్ లేనిదే నయం, నీళ్లు చప్పగా ఉంటే ఉండనీ. నల్లా నీళ్లకు వేరే సంపు కట్టాలని మా అసోసియేషన్‌లో మాట నడుస్తోంది. అది కట్టి, ఆ నీళ్లను ఒకసారి ల్యాబ్‌లో ఫ్లోరైడ్‌తో సహా పరీక్ష చేయించి, రిపోర్టు అత్తమ్మకు చదివి వినిపించాక ఆమె సరేనంటే, ఆర్వో తీసేసి ఉత్త యూవీ పెట్టుకుంటాం.