అనంతపురంలో ‘రైజెన్ 5 గేమింగ్ ల్యాప్‌టాప్’ కొనేవాళ్లు ఆ పేరు వెనకాల ఉన్న నాలుగంకెలు చూసుకోండి

ముందు అసలు విషయం చెప్పేస్తా. రైజెన్ అంటే ఏఎండీ కంపెనీ ప్రాసెసర్. ఏ షాపులోనైనా ‘రైజెన్ 5, 7000 సిరీస్, ఆటలకు సూపర్’ అంటూ నలభై, నలభై ఐదు వేల రేంజ్‌లో ల్యాప్‌టాప్ చూపిస్తే, ప్రాసెసర్ పూర్తి నంబర్ చదివేదాకా డబ్బు బయటికి తీయొద్దు. 7520యూ అని ఉందంటే, ఆటల కోసమైతే దాన్ని పక్కన పెట్టేయండి.

మా తమ్ముడు ఇక్కడే బీటెక్ చదువుతున్నాడు. వాడికి పెద్ద కోరికలేం లేవు. సాయంత్రం ఫ్రెండ్స్‌తో వాలరెంట్ అనే తుపాకుల ఆట, సెలవుల్లో జీటీఏ 5 అనే బండ్ల ఆట, అంతే. నేను బెంగళూరులో ఉంటా కాబట్టి, ‘రైజెన్ 5 7535హెచ్ఎస్, ర్యామ్ మార్చుకునే వీలుండాలి’ అని కాగితం మీద రాసిన ఫోటో పంపించా. నాన్న, తమ్ముడు టౌన్‌లోని షాపుకి అదే పట్టుకుని పోయినారు. ఆ షాపాయన కాగితం చూసి, ‘అది స్టాక్ లేదు సామీ, ఇదీ అదీ ఒకటే. ఇది కూడా రైజెన్ 5, ఇది కూడా 7000 సిరీస్. పైగా రెండు వేలు తక్కువ’ అన్నాడంట. 8 జీబీ ర్యామ్ చాలదు కదా అని తమ్ముడు అడిగితే, ‘కావాలంటే ఆర్నెల్ల తర్వాత వచ్చి ఇంకో 8 వేయించుకోండి, మా దగ్గరే వేస్తాం’ అన్నాడు. గేమ్ ఎలా ఆడుతుందో చూపించమంటే పెట్టింది కూడా గేమ్ కాదు, యూట్యూబ్‌లో గేమ్ వీడియో! దాన్ని ఫుల్ స్క్రీన్‌లో పెట్టి ‘చూడండి ఎంత స్మూత్‌గా ఉందో’ అన్నాడు. వీడియో ఏ ఫోన్లోనైనా స్మూత్‌గానే ఉంటుంది మరి. అట్లా మావాళ్లకి అంటగట్టింది 7520యూ ఉన్న ల్యాప్‌టాప్.

‘ఇదీ అదీ ఒకటే’ అన్న ఆయన మాట ఎంత నిజమో చెప్తా. ఈ 7000 సిరీస్‌లో మొదటి అంకె 7 అంటే 2023 మోడల్ అని మాత్రమే అర్థం. లోపలి డిజైన్ ఏ కాలం నాటిదో చెప్పేది మూడో అంకె. 7520లో మూడో అంకె 2, అంటే జెన్ 2 అనే డిజైన్. ఆ డిజైన్ 2019లో వచ్చింది. 7535లో అది 3, అంటే దాని తర్వాతి తరం. 7520యూలో కోర్లు, అంటే పని చేసే భాగాలు నాలుగు, 7535హెచ్ఎస్‌లో ఆరు. ఆటలకు ఇంకా ముఖ్యమైంది గ్రాఫిక్స్. 7520యూలో ఉండేది రేడియాన్ 610ఎం, దాంట్లో గ్రాఫిక్స్ కోర్లు రెండే. 7535హెచ్ఎస్‌లో ఉండే 660ఎంలో ఆరు. రెండింటి మీదా ‘రైజెన్ 5’ అనే స్టిక్కరే ఉంటుంది. 7520యూ చిప్ చెడ్డదని నేననను. ఆన్‌లైన్ క్లాసులు, బ్రౌజింగ్, వర్డ్, ఎక్సెల్ పనులకు బాగానే ఉంటుంది, బ్యాటరీ కూడా బాగా వస్తుంది. దాన్ని గేమింగ్ అని అమ్మడమే మోసం.

ర్యామ్ సంగతి ఇంకా అన్యాయం. 7520యూ పనిచేసేది ఎల్‌పీడీడీఆర్5 అనే రకం ర్యామ్‌తోనే. అది మదర్‌బోర్డు మీదే అతికించి వస్తుంది, స్లాట్ ఉండదు. ఆర్నెల్లు కాదు, ఆరేళ్లు ఆగినా ఇంకో 8 జీబీ ఎక్కడా పెట్టలేం. ‘మా దగ్గరే వేస్తాం’ అన్నవాడికి ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను. ఆ 8 జీబీలోనే గ్రాఫిక్స్‌కి కొంత పోతుంది, విండోస్ కొంత తింటుంది, క్రోమ్ తెరిచి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. తమ్ముడి దాంట్లో వాలరెంట్ అన్నీ తగ్గించి పెడితే నడుస్తుంది గానీ, సరిగ్గా కాల్పులు మొదలయ్యే టైమ్‌కే ఆగి ఆగి వస్తుంది. జీటీఏ 5 ఫుల్ హెచ్‌డీలో పెడితే బండి తిప్పేలోపే గోడకి గుద్దేస్తోంది. బొమ్మ స్పష్టత తగ్గించి 720పీకి దించితే ఏదో నడిచింది అనిపిస్తుంది. పదేళ్ల కిందట పీసీలో వచ్చిన ఆటకే ఈ పరిస్థితి.

షాపులో ఆన్ చేసి ఉన్న ల్యాప్‌టాప్ మీద ఇది నిమిషంలో పట్టుకోవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్‌లోకి పోయి మెమరీ నొక్కండి. ఫామ్ ఫ్యాక్టర్ అనే చోట ‘సోడిమ్’ అని ఉంటే మార్చుకునే ర్యామ్. ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే అతికించినది. సీపీయూ నొక్కితే ప్రాసెసర్ పూర్తి పేరు పైనే కనిపిస్తుంది. జీపీయూ (గ్రాఫిక్స్) నొక్కి డెడికేటెడ్ మెమరీ, అంటే గ్రాఫిక్స్‌కే విడిగా ఉన్నది ఎంతో చూడండి. కొందరు ర్యామ్‌లో నుంచి వాడుకునే షేర్డ్ మెమరీని కూడా కలిపి ‘4 జీబీ గ్రాఫిక్స్ ఉంది’ అంటారు, అది లెక్కలోకి రాదు. ఇవి చూసుకోనివ్వకపోతే అక్కడ కొనొద్దు.

ఇంటెల్ తీసుకునేవాళ్లకి కూడా ఒక మాట. ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ అని చెప్పే 12వ, 13వ తరం ఐ5లలో, ర్యామ్ జంటగా పనిచేసేలా లేకపోతే అది తక్కువ రకం యూహెచ్‌డీ గ్రాఫిక్స్‌గానే చూపిస్తుంది, వేగం కూడా అలాగే పడిపోతుంది. ఒకే ఒక్క 8 జీబీ స్టిక్ ఉన్న వాటిలో ఇదే జరుగుతుంది. అక్కడైతే కనీసం రెండో స్లాట్ ఉంటే ఇంకో స్టిక్ వేసి బాగు చేసుకోవచ్చు. ఇంకొంచెం డబ్బు పెట్టి ఆర్‌టీఎక్స్ 3050 అనే విడి గ్రాఫిక్స్ చిప్ ఉన్నది తీసుకునేవాళ్లు దాని వాట్లు కూడా అడగండి. ఒకే పేరుతో 35 వాట్ల నుంచి 80 వాట్ల దాకా ఉన్నాయి, ఆటలో తేడా బాగా తెలుస్తుంది. పాత ఆఫీసు ల్యాప్‌టాప్‌లను ‘ఐ7’ అని చెప్పి అమ్మడం వేరే కథ. ఆరో తరం ఐ7లకు విండోస్ 11 అధికారికంగా లేదు, విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్‌తో ఆగిపోయింది.

ఇంకోటి, షాపులో ఏసీ వేసి ఉంటుంది కాబట్టి ఐదు నిమిషాలు ఏదైనా బాగానే ఆడుతుంది. ఏప్రిల్‌లో నలభై డిగ్రీలు దాటే మన అనంతపురం గదిలో గంటసేపు ఆడితే సన్నటి ల్యాప్‌టాప్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కనీసం పదిహేను, ఇరవై నిమిషాలు నిజమైన ఆట ఆడి చూడనివ్వమనండి.

ఇప్పుడు బిల్లు. మాకిచ్చిన బిల్లులో ‘రైజెన్ 5 ల్యాప్‌టాప్, 8 జీబీ, 512 జీబీ’ అని ఉంది, ప్రాసెసర్ నంబర్ ఊసే లేదు. కింద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ముద్ర. సీల్ తీశాక మార్చలేమని షాపాయన వాదన. నంబర్ మార్చి అంటగట్టింది ఆయనే కదా అంటే, ‘పెద్దాయన చూసుకునే తీసుకున్నారు’ అని మా నాన్న మీదకి తోసేశాడు. మీరు మాత్రం బిల్లులో ప్రాసెసర్ పూర్తి నంబర్, ల్యాప్‌టాప్ మోడల్ నంబర్, ‘ర్యామ్ పెంచుకోవచ్చు’ అని చెప్తే ఆ మాట కూడా రాయించుకోండి. రాయడానికి నసిగితే అర్థమైపోతుంది.

సరుకు గురించి లేని గుణం ఉందని చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపారమే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించా. వాళ్లు షాపుతో మాట్లాడి చూస్తారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి. ఐదు లక్షల లోపు కొన్న వస్తువుకి అక్కడ ఫీజు లేదు. కాగితం ఫోటో, నాన్నతో షాపాయన వాట్సాప్‌లో మాట్లాడిన మెసేజ్‌లు, బాక్స్ మీది లేబుల్ ఫోటో అన్నీ దాచి ఉంచాం.

ఫిర్యాదు వెళ్లాక షాపు నుంచి ఫోన్ వచ్చింది. మేం కట్టిన డబ్బులో ఐదు వేలు కోసుకుని వేరే మోడల్ ఇస్తామంటున్నారు, ఈ పోస్ట్ తీసేయమని కూడా అడుగుతున్నారు. పైసా తగ్గించకుండా అడిగిన మోడల్ ఇస్తే ఆ మాట ఇక్కడే కింద రాస్తా. అంతవరకు పోస్ట్ ఉంటుంది.