అమ్మానాన్నలకు టికెట్లు కొంటున్నారా? ఒకే పీడీఎఫ్‌లో రెండు వేరే టికెట్లు పెట్టి అమ్ముతున్నారు, జాగ్రత్త

అమెరికాలో ఉంటూ ఊళ్లోని పెద్దవాళ్లకు టికెట్లు కొనేవాళ్లందరూ ఇది చదవండి. ముఖ్యంగా గన్నవరం, వైజాగ్, రాజమండ్రి, తిరుపతి నుంచి ఢిల్లీ మీదుగానో ముంబై మీదుగానో రప్పించుకునేవాళ్లు. మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో "బెస్ట్ ఫేర్స్, మెసేజ్ చేయండి" అంటూ తిరిగే ఏజెంట్లలో ఒకరి దగ్గర కొన్నాను. కార్డు డిస్ప్యూట్ (డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకుకు చేసే ఫిర్యాదు) నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. ఆ ఒక్క పేరు తెలిసినా పెద్దగా లాభం లేదు, ఇదే పద్ధతిలో అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు.

నా డెలివరీకి అమ్మానాన్న తెనాలి నుంచి న్యూజెర్సీ రావాలి. ఎయిర్‌లైన్ సైట్ రేటు కంటే ఇద్దరికీ కలిపి 240 డాలర్లు తక్కువ చెప్పాడు. గన్నవరం నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి నెవార్క్. "లగేజీ గన్నవరంలో వేసేస్తే మళ్లీ నెవార్క్‌లోనే మేడమ్, అంకుల్, ఆంటీకి ఏ టెన్షనూ ఉండదు" అన్నాడు. పంపిన పీడీఎఫ్‌లో రెండు ఫ్లైట్లూ ఒకదాని కింద ఒకటి చక్కగా ఉన్నాయి, పైన ఒకే బుకింగ్ నంబరు. ఆ నంబరు ఏజెన్సీ సొంతంగా వేసుకున్నది, ఏ ఎయిర్‌లైన్‌దీ కాదు. ఎయిర్‌లైన్ పీఎన్ఆర్ (ఎయిర్‌లైన్ ఇచ్చే బుకింగ్ నంబరు) అడిగితే ఢిల్లీ-నెవార్క్‌ది మాత్రం ఇచ్చాడు. గన్నవరం-ఢిల్లీది "సేమే మేడమ్" అన్నాడు. సేమ్ కాదు. అది వేరే ఎయిర్‌లైన్‌లో విడిగా కొన్న డొమెస్టిక్ టికెట్.

ప్రయాణం రోజు వాళ్లు పెట్టెలతో గన్నవరం చేరేసరికి, మధ్యాహ్నం ఫ్లైట్ పొద్దున్నే వెళ్లిపోయిందని చెప్పారు. టైము ఎప్పుడో మార్చారట, మెసేజ్ కూడా పంపారట. కానీ ఆ బుకింగ్‌లో ఉన్న ఫోన్ నంబరూ ఈమెయిలూ ఏజెన్సీవి. మా నాన్న నంబరు గానీ నాది గానీ అందులో లేనే లేవు. ఆ తర్వాత దొరికిన ఏ ఫ్లైట్ ఎక్కినా ఢిల్లీలో కనెక్షన్ అందదు.

అసలు దెబ్బ ఇక్కడే. రెండూ ఒకే టికెట్ అయితే, మొదటి ఫ్లైట్ వాళ్లే మార్చారు కాబట్టి వేరే ఫ్లైట్‌లో చేర్చే బాధ్యత ఎయిర్‌లైన్‌ది. అమెరికాకు వచ్చే ప్రయాణాలకైతే 2024లో ఇక్కడి రవాణా శాఖ తెచ్చిన రూలు కూడా ఉంది. ఎయిర్‌లైన్ చేసిన మార్పు వల్ల అంతర్జాతీయ ప్రయాణం 6 గంటలు గానీ అంతకంటే ఎక్కువ గానీ జరిగితే, ఆ మార్పు మనకు వద్దంటే డబ్బు తిరిగివ్వాలి. మాకు ఇవేవీ వర్తించలేదు. ఢిల్లీ-నెవార్క్ ఫ్లైట్ సమయానికే వెళ్లింది, వాళ్ల లెక్కలో అమ్మానాన్న నో-షో, అంటే టికెట్ ఉండి కూడా రానివాళ్లు. మొదటి ప్రయాణం ఎక్కకపోతే మిగతాదంతా రద్దు, కాబట్టి రిటర్న్ కూడా పోయింది. ఏజెంట్ మాట: "అది ఎయిర్‌లైన్ ప్రాబ్లమ్ మేడమ్, మేం ఏం చేయగలం?" డొమెస్టిక్ టికెట్ రిఫండ్ మాత్రం ఆయన ఖాతాకే వెళ్లింది, అది నేను అడిగితే గానీ చెప్పలేదు.

చివరికి శంషాబాద్ నుంచి కొత్త టికెట్లు కొన్నాను, ఈసారి ఎయిర్‌లైన్ దగ్గరే. డెలివరీ దగ్గర పడినప్పుడు కొంటే రేటు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

ఒకవేళ ఆ ఫ్లైట్ దొరికి ఉన్నా గొడవ తప్పేది కాదు. డొమెస్టిక్ టికెట్‌లో మనిషికి 15 కిలోలే. వీళ్ల దగ్గర తలా రెండు 23 కిలోల పెట్టెలు, అందులో సగం బాలింత కారప్పొడి, నెయ్యి, పసిపిల్లకు పాత చీరలతో కుట్టిన బొంతలు. అదనపు బరువుకు అక్కడే కట్టాలి, ఢిల్లీలో పెట్టెలు దించుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి, దిగింది టెర్మినల్ 1 అయితే బస్సో ట్యాక్సీయో పట్టుకుని టెర్మినల్ 3కి రావాలి. వీల్‌చైర్ కూడా ఢిల్లీ-నెవార్క్ టికెట్‌కే పెట్టాడు. హిందీ రాని మా అమ్మకు ఢిల్లీలో ఆ వీల్‌చైర్ తోసే మనిషే దిక్కు.

కాబట్టి డబ్బు కట్టే ముందే ఏజెంట్‌ను నోటిమాటగా కాకుండా మెసేజ్‌లో అడగండి: అన్ని ఫ్లైట్లూ ఒకే టికెట్ నంబరు మీద ఉన్నాయా? పీఎన్ఆర్ ఆరు అక్షరాలది, అది కేవలం బుకింగ్. సీటు పట్టి ఉంచి, టికెట్ ఇష్యూ చేయకపోయినా పీఎన్ఆర్ వస్తుంది. టికెట్ నంబరు 13 అంకెలు, మొదటి మూడూ ఎయిర్‌లైన్ కోడ్: ఎయిర్ ఇండియా 098, ఎమిరేట్స్ 176, ఖతార్ 157. టికెట్ చేతికొచ్చిన రోజే ఎయిర్‌లైన్ సైట్‌లో తెరిచి గన్నవరం కూడా అందులో కనిపిస్తోందో లేదో చూడండి. మీ ఫోను, ఈమెయిలు మీరే ఎక్కించండి. వీల్‌చైర్ ప్రతి ఫ్లైట్‌కీ ఉందో లేదో చూడండి.

యూరప్ మీదుగా ఇలాంటి విడి టికెట్లు అమ్మితే ఇంకా ప్రమాదం. అమెరికా వీసా ఉన్న మన పెద్దవాళ్లు ఫ్రాంక్‌ఫర్ట్‌లో లోపలే ఫ్లైట్ మారితే ట్రాన్సిట్ వీసా అక్కర్లేదు. కానీ పెట్టెలు దించుకుని మళ్లీ వేయాలంటే ఇమిగ్రేషన్ దాటాలి, దానికి షెంజెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు ఉమ్మడి వీసా) కావాలి. అది లేదంటే ఇండియాలోనే ఎక్కనివ్వరు.

డబ్బు విషయం. జెల్‌లో (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి) పంపితే తక్కువ రేటు అంటారు, నాకూ అన్నాడు. మనమే పంపిన డబ్బు బ్యాంకు సాధారణంగా వెనక్కి తేదు. నేను క్రెడిట్ కార్డుతో కట్టాను కాబట్టి డిస్ప్యూట్ అయినా వేయగలిగాను. అయితే బిల్లు తప్పుల మీద చట్టం ఇచ్చే గడువు స్టేట్‌మెంట్ పంపిన నాటి నుంచి 60 రోజులే. నెలల ముందు కొనేవాళ్లకు ప్రయాణం నాటికి అది దాటిపోతుంది. అలాగే ప్రయాణానికి కనీసం వారం ముందు కొంటే 24 గంటల్లో ఉచితంగా రద్దు చేసుకోవచ్చన్న అమెరికా రూలు ఎయిర్‌లైన్ దగ్గర నేరుగా కొన్నవాళ్లకే, ఏజెంట్లు దానికి కట్టుబడక్కర్లేదు.

ఇప్పటికే కొన్నవాళ్లు ఇవాళే ఒకసారి చూసుకోండి. అర్థం కాకపోతే నాకు విడిగా మెసేజ్ చేయండి, చూసి చెప్తాను. టికెట్ ఫోటో మాత్రం గ్రూపులో పెట్టకండి, పీఎన్ఆర్, ఇంటిపేరు తెలిస్తే ఎవరైనా మీ బుకింగ్ తెరవగలరు.