పాత 1911 జామ్ అవుతుంటే ముందు దేని మీద చెయ్యి వెయ్యాలి: మ్యాగజైనా, స్ప్రింగా, ఎక్స్‌ట్రాక్టరా?

నేనుండేది డాలస్ పక్కన. నాలుగేళ్ల కిందట 1970ల నాటి 1911 తరహా .45 పిస్తోలు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మొదటిరోజు రేంజ్‌లో 50 తూటాలకి ఆరుసార్లు ఆగిపోయింది. నాలుగుసార్లు తూటా ముక్కు కిందికి వాలి ఫీడ్ ర్యాంప్‌కి (తూటా బ్యారెల్‌లోకి ఎక్కే వాలుకి) గుద్దుకుని నిలిచిపోయింది, రెండుసార్లు పేలిన ఖాళీ కేసు బయటికి పోకుండా స్లైడ్‌కి (పైన ముందుకీ వెనక్కీ కదిలే భాగానికి) చిక్కుకుని నిటారుగా నిలబడింది. మా తోడల్లుడు పక్కనే ఉన్నాడు. "అన్నయ్యా, ఇంట్లో డ్రెమెల్ ఉందిగా, ర్యాంప్ పాలిష్ కొట్టేద్దాం" అన్నాడు. ఆ మాట వినకపోవడమే మంచిదైంది.

ర్యాంప్ సంగతి ముందే చెప్పేస్తాను. ఫ్రేమ్ మీది ర్యాంప్‌కీ బ్యారెల్ అంచుకీ మధ్య సుమారు 1/32 అంగుళం సందు ఉండాలి. నునుపు చేద్దామని మొదలుపెట్టి ఆ వాలు మార్చేస్తే పోయేది ఫ్రేమ్, అంటే అసలు పిస్తోలే. పైగా ఈ పిస్తోలుని రూపొందించింది 230 గ్రెయిన్ల గుండ్రటి ముక్కు తూటా కోసం. పాత బ్యారెల్‌లో హాలో పాయింట్ (ముక్కు బోలుగా ఉండే తూటా) ఎక్కకపోతే అది జబ్బు కాదు, ముందు హార్డ్‌బాల్, అంటే ఆ మామూలు గుండ్రటి ముక్కుది వేసి చూడండి.

నా లెక్కలో మొదటి ఓటు మ్యాగజైన్‌కే (తూటాలు పట్టే డబ్బా). మార్చడం తేలిక, తప్పయితే వెనక్కి తీసేయొచ్చు, పిస్తోలుకి గీత కూడా పడదు. మార్కర్‌తో అడుగున 1, 2 అని రాసుకుని ఏది ఎప్పుడు ఆగిందో కాగితం మీద పెట్టండి. రెండోసారి రేంజ్‌కి వెళ్లినప్పుడు ముక్కు వాలిన జామ్‌లన్నీ నా 2వ నంబర్‌లోనే వచ్చాయి. దాని పెదవులు, అంటే తూటాని పట్టి ఉంచే పైఅంచులు, వేలితో తడిమితే ఒకవైపు కొంచెం విచ్చుకున్నట్టు తెలిసింది, స్ప్రింగ్ కూడా నీరసించింది. కొత్త మ్యాగజైన్‌తో ఆ రకం జామ్ మళ్లీ రాలేదు.

స్లైడ్‌ని తిరిగి ముందుకి తోసే రికాయిల్ స్ప్రింగ్‌ది రెండో స్థానం. అయిదంగుళాల బ్యారెల్ .45కి మామూలుగా 16 పౌండ్లది. ఎప్పుడు మార్చారో తెలియని పిస్తోలు కొంటే అడగకుండా మార్చేయండి, పది డాలర్ల అటూఇటూ ఖర్చు. అది బలహీనమైతే స్లైడ్ విసురుగా వెనక్కెళ్లి ఫ్రేమ్‌ని కొడుతుంది, తిరిగొచ్చి పూర్తిగా మూసుకోకుండా కాస్త ముందే ఆగిపోవచ్చు. అలాగని 20 పౌండ్లది వేస్తే మేలనుకోవద్దు, అప్పుడు స్లైడ్ పూర్తిగా వెనక్కి రాక కొత్త తంటా.

అసలు చూడాల్సింది ఎక్స్‌ట్రాక్టర్. 1911లో దానికి విడిగా స్ప్రింగ్ లేదు, ఆ పొడవాటి ఉక్కు పుల్లే స్ప్రింగ్. తూటా మ్యాగజైన్ నుంచి పైకి లేస్తూ దాని కొక్కెం కిందికి జారాలి, పేలాక అదే కొక్కెం కేసుని లాగాలి. అందుకే ఒక్క భాగం రెండు రకాల గొడవలూ తెస్తుంది. బిగువు ఎక్కువైతే తూటా సగంలో ఆగుతుంది, తక్కువైతే ఖాళీ కేసులు ఒకసారి కుడికి, ఒకసారి నుదుటి మీదికి, ఒకసారి అక్కడే. మ్యాగజైన్ తీసి, ఛాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) కంటితో చూసి, వేలితో తడిమి, స్లైడ్ విప్పి మందు లేని డమ్మీ తూటాతో పరీక్షించండి (అసలు తూటాతో ఇంట్లో వద్దే వద్దు). అంచుని కింది నుంచి కొక్కెంలోకి తోస్తే వేలి ఒత్తిడికే వెళ్లాలి, స్లైడ్‌ని మెల్లగా ఊపినా పడిపోకూడదు. నాది ఊపకముందే జారిపోయింది. కొక్కెం వెనక టూత్‌పిక్‌తో గీకితే నల్లటి మసి పెచ్చులా ఊడొచ్చింది, అయినా పట్టు రాలేదు.

ఇక పాతదాన్ని వంచి బిగువు తేవడమా, కొత్తది వేయడమా? వంచితే పైసా ఖర్చు లేదు, చాలామందికి ఏళ్ల తరబడి పనిచేస్తుంది. కానీ కొక్కెం అంచు చిట్లినా అరిగినా ఎంత వంచీ లాభం లేదు. నా దాంట్లో భూతద్దం పెట్టి చూస్తే ఒక మూల రాలిపోయి ఉంది, అందుకని కొత్తదే కొన్నాను. కొత్తదాన్ని మాత్రం గన్‌స్మిత్ దగ్గరే అమర్చుకోవడం మేలంటాను, ఎందుకంటే అది పెట్టగానే పనిచేసే వస్తువు కాదు, సన్నటి ఆకురాయితో ఆ స్లైడ్‌కి తగ్గట్టు దిద్దాలి. ఫైరింగ్ పిన్ స్టాప్ (స్లైడ్ వెనక ఎక్స్‌ట్రాక్టర్‌ని పట్టి ఉంచే చిన్న పలక) వదులుగా ఉందేమో కూడా ఆయన్నే చూడమనండి, వదులైతే ఎక్స్‌ట్రాక్టర్ తన గాడిలో పక్కకి తిరిగిపోతుంది.

ఒక తూటాని చేత్తో నేరుగా ఛాంబర్‌లో పడేసి స్లైడ్ వదిలే అలవాటు ఉంటే ఇవాళే మానేయండి. కొక్కెం ఆ కేసు అంచు మీదుగా బలవంతంగా ఎగిరి దూకాల్సి వస్తుంది. నాకు పిస్తోలు అమ్మినాయన దాన్ని ఎప్పుడూ అలాగే లోడ్ చేసేవాణ్ని అని స్వయంగా చెప్పాడు, అప్పుడు ఆ మాట నేను పట్టించుకోలేదు.