బాత్రూమ్‌లో నీళ్ళు దిగకపోతే పౌడర్ మేలా, తీగ మేలా, మిస్త్రిని పిలవడం మేలా?

మాది బరంపురం, ఊరు ఒడిశాలో ఉన్నా ఇంట్లో అంతా తెలుగే. కింద బాత్రూమ్‌లో జాలీ వేసిన మామూలు నేల తూము, మేడ మీద బాత్రూమ్‌లో మా అన్నయ్య ముచ్చటపడి పెట్టించుకున్న టబ్బు. ఠాకురాణి యాత్ర, అంటే మా ఊరి అమ్మవారి జాతర, ఆ రోజుల్లో ఈ రెండూ ఒకేసారి మొరాయించాయి. రెండేళ్ళకోసారి వచ్చే యాత్ర కదా, ఇల్లు నిండా చుట్టాలు, టెక్కలి నుంచి పెద్దమ్మ వాళ్ళు, పర్లాకిమిడి నుంచి వదిన పుట్టింటివాళ్ళు, పొద్దున్నే వరసగా తలంట్లు, మూడో మనిషి స్నానానికి వెళ్ళేసరికి మడమలు మునిగేంత నీళ్ళు నిలబడిపోయేవి. ఆ రోజుల్లోనూ ఆ తర్వాతా ఒక్కోటీ చేసి చూశాను, అందుకే ఏది దేనికి పనికొస్తుందో రాస్తున్నాను, ఎందుకంటే చాలామంది నాలాగే ముందు షాపుకెళ్ళి తూము శుభ్రం చేసే పౌడర్ డబ్బా తెచ్చేస్తారు, అదే తప్పు.

ఆ పౌడర్‌లో ఉండేది ఎక్కువగా కాస్టిక్ సోడా. నీళ్ళు తగిలితే బాగా వేడెక్కుతుంది, నూనె జిడ్డుని సబ్బులా మార్చేస్తుంది, జుట్టుని మెత్తబెట్టి కరిగిస్తుంది, ఆ మాట నిజమే. కానీ నీళ్ళు నిలబడి ఉన్న తూములో పోస్తే అడ్డం ఉన్న చోటికి అది సరిగ్గా చేరదు, పైన నీళ్ళలోనే పలచబడిపోతుంది. సరే తక్కువైందేమో అని ఇంకో డబ్బా పోస్తే మొదటికే మోసం. నేను అదే చేశాను. రెండో డబ్బా పోసి నీళ్ళు సరిపడా పోయలేదు, తెల్లారి చూస్తే కింద ట్రాప్‌లో, అంటే తూము కింద నీళ్ళు నిలిచే వంపులో, అది గడ్డకట్టి రాయిలా కూర్చుంది, అంతకుముందు మెల్లగానైనా దిగే నీళ్ళు ఇప్పుడు అస్సలు దిగట్లేదు. పైగా ఆ నీళ్ళలో చెయ్యి పెట్టడానికి లేదు, కాస్టిక్ నీళ్ళు చర్మాన్ని కాల్చేస్తాయి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. అందుకని మిస్త్రిని పిలిచినా ముందే చెప్పాలి, ఇందులో పౌడర్ వేశామండీ అని. దయచేసి ఇది దాచొద్దు, ఆయన వట్టి చేతులతో పని చేసే మనిషి.

ఇక హార్డ్‌వేర్ షాపుల్లో చవగ్గా దొరికే యాసిడ్ సంగతి. అది జుట్టు మీద పెద్దగా పని చెయ్యదు. బోరు నీళ్ళ ఉప్పు, తెల్లటి పెచ్చు పట్టిన చోట మాత్రం కరిగిస్తుంది, కరిగిస్తూ సిమెంటు సందుల్నీ, పాలరాయి ఉంటే పాలరాయినీ తినేస్తుంది, స్టీలు జాలీ నల్లబడిపోతుంది. పౌడర్ పని చెయ్యలేదని అదే తూములో యాసిడ్ పోశారంటే రెండూ కలిసి ఒక్కసారిగా వేడెక్కి మొహం మీదకి చిమ్ముతాయి. బ్లీచింగ్ నీళ్ళు పోసిన చోట యాసిడ్ పోస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపు మూసిన చిన్న బాత్రూమ్‌లో అది ప్రాణం మీదకొస్తుంది. తూము కోసం యాసిడ్ మా ఇంటికి వద్దే వద్దు.

వంట సోడా, వెనిగర్ చాలామంది చెప్తారు. బుసబుసా పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది, కానీ ఒకటి ఆమ్లం ఇంకోటి క్షారం, రెండూ కలిస్తే ఒకదాన్ని ఒకటి చంపేసుకుని చివరికి మిగిలేది ఉప్పు నీళ్ళలాంటివే. వాసన కాస్త తగ్గుతుంది. జుట్టు ముద్ద మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

అసలు పని చేసింది తీగ. జీఐ తీగ, అంటే జింకు పూత ఉన్న ఇనుప తీగ, రెండు మూరలు తీసుకుని చివర చిన్న కొక్కెం వంచుకుంటే చాలు. టబ్బుకి మూత ఉంటుంది కదా, మాది తిప్పి పైకి లాగితే వచ్చే రకం, కొన్నిటికి అడుగున స్క్రూ ఉంటుంది. అది తీస్తే కింద శిలువలా అడ్డపట్టీలు కనిపిస్తాయి, జుట్టు మొదట చుట్టుకునేది వాటికే. టార్చ్ వేసి చూస్తే నల్లగా జడ కొసలా వేలాడుతోంది. కొక్కెం దానికి తగిలించి మెల్లగా లాగితే వస్తూనే ఉంది, జానెడు, ఇంకో జానెడు, బూడిదరంగు సబ్బు మడ్డి పట్టి తాడులా పేనుకుపోయింది, మధ్యలో ఎవరిదో స్లైడు పిన్ను, దాన్ని పట్టుకునే ఇదంతా పోగైంది. మా బోరు నీళ్ళు గట్టివి, గట్టి నీళ్ళలో సున్నం సబ్బుతో కలిసి నీళ్ళలో కరగని తెట్టు కడుతుంది, అది జుట్టుకి జిగురులా పట్టుకుంటుంది. ఆ తాడు బయటికొచ్చాక గీజర్ వేడి నీళ్ళు ఒక బకెట్ పోస్తే సగం జబ్బు పోయింది. స్టవ్ మీద మరిగించినవి మాత్రం పొయ్యొద్దు, పీవీసీ పైపు 60 డిగ్రీలు దాటితే మెత్తబడడం మొదలెడుతుంది, అతుకులు వదులవుతాయి.

కింద తూము కథ వేరు. అందులో జుట్టు తక్కువే. గడ్డకట్టిన పౌడర్‌ని మిస్త్రి గ్లౌజులు వేసుకుని తీశాక దాని కింద ఏముందో చూద్దామని ప్లాస్టిక్ గ్లాసుతో తోడితే మొదటి గ్లాసులో కుంకుడు పిప్పి, నలుగుపిండి ముద్ద, రెండో గ్లాసు నుంచి అంతా ఇసుకే. గోపాల్‌పూర్ ఇక్కణ్ణించి పదిహేను కిలోమీటర్లే, చుట్టాలొస్తే పిల్లల్ని సముద్రానికి తీసుకెళ్ళకుండా ఉండం, తిరిగొచ్చి కాళ్ళూ ఒళ్ళూ బట్టలూ అక్కడే కడుగుతారు. ఇసుకని ఏ పౌడరూ కరిగించదు, ఏ యాసిడూ కరిగించదు, చేత్తో తోడాల్సిందే. అంటే రెండు డబ్బాల పౌడర్ ఇసుక మీద పోశానన్నమాట. ఒక్క జాలీ ఎత్తి చూసుంటే తెలిసిపోయేది, ఆ డబ్బులకంటే మిస్త్రి చేతికి ఏమన్నా అయ్యుంటే ఏటి చేసేవాళ్ళం అన్నదే నాకు ఇప్పటికీ బాధ.

ట్రాప్ తోడేశాక అందులో మంచి నీళ్ళు నిండేలా ఒక చెంబు పొయ్యాలి, మర్చిపోవద్దు. ఆ వంపులో నిలిచే నీళ్ళే మురుగు వాసననీ బొద్దింకల్నీ ఆపేది.

కర్రకి రబ్బరు గిన్నె ఉండే ప్లంజర్ కూడా తీగ తర్వాత మంచిదే, అడ్డం మెత్తగా ఉండి కాస్త లోపలికి ఉంటే. అయితే గాలి ఇంకో దారిన పోకూడదు. టబ్బుకి పైన నీళ్ళు పొర్లిపోకుండా ఓ కన్నం ఉంటుంది, దాన్ని తడిగుడ్డతో గట్టిగా మూసి, అప్పుడు రబ్బరు మునిగేంత నీళ్ళు ఉంచి పదిహేను ఇరవై సార్లు నొక్కాలి. నేల తూముకైతే వాష్‌బేసిన్ పైపు కూడా చాలా ఇళ్ళలో అదే ట్రాప్‌లోకి వస్తుంది, కాబట్టి బేసిన్ కన్నం కూడా మూయాలి. నేను మొదట మూయలేదు, బేసిన్‌లోంచి నల్లనీళ్ళు పైకొచ్చాయి. పౌడర్ వేసిన తూములో ప్లంజర్ అస్సలు కొట్టొద్దు, ఆ నీళ్ళు మీద చిందుతాయి.

మరి మిస్త్రి ఎప్పుడు? ఒక్క తూమే మెల్లగా ఉంటే సాధారణంగా మన చేతిలో పనే. బాత్రూమూ లెట్రినూ రెండూ మెల్లగా ఉండి, ఒకచోట నీళ్ళు పోస్తే ఇంకోచోట గుడగుడమని చప్పుడొస్తుంటే అది బయట ఛాంబర్‌లోనో మెయిన్ లైన్‌లోనో అడ్డం, దానికి తీగ చాలదు, పైపులోకి దూర్చే పొడుగు స్ప్రింగు తెచ్చే మనిషే రావాలి. మా టబ్బు విషయంలోనూ జుట్టు తీశాక బాగైంది గానీ పూర్తిగా కాలేదు, మూడు వారాలకి మళ్ళీ అదే వరస. అప్పుడు మిస్త్రి పక్క పలక ఊడదీసి చూపించారు. టబ్బు కింద గట్టి పైపు కాకుండా ముడతల ఫ్లెక్సిబుల్ పైపు వేసున్నారు, అది మధ్యలో ఊయలలా కిందకి వేలాడిపోయి ఆ పొట్టలో మడ్డంతా చేరింది, ముడతముడతకీ జుట్టు పట్టుకుంది. ఎన్నిసార్లు శుభ్రం చేసినా ఆ పైపు ఉన్నంత కాలం ఇలగే అవుతుందమ్మా అన్నారాయన, నాకు ఆ మాట నచ్చింది, ఎందుకంటే ప్రతి నెలా పిలిపించుకుని డబ్బులు తీసుకోగలిగే మనిషి అసలు కారణం చెప్పారు. ముడతల పైపు తీసేసి గట్టి పీవీసీ ట్రాప్, అడుగు పొడవుకి పావంగుళం వాలు, మధ్యలో డోర్ బెండ్, అంటే మూత విప్పి లోపల కడుక్కోడానికి వీలున్న వంపు. పైపులు అతికించిన సొల్యూషన్ ఆరాలని ఆ రోజంతా టబ్బు వాడొద్దన్నారు. పలక మళ్ళీ సిమెంటుతో మూసేయకుండా చిన్న తలుపు పెట్టమని అన్నయ్య అడిగితే అదీ పెట్టారు. కొత్తగా టబ్బు పెట్టించుకునేవాళ్ళు టైల్స్ రంగు కంటే ముందు ఈ తలుపు గురించి అడగండి.

కాబట్టి జుట్టయితే తీగ, ఇసుకా పిప్పీ అయితే చేత్తో తోడడం, మెత్తటి మడ్డయితే ప్లంజర్, మళ్ళీ మళ్ళీ వస్తుంటే మిస్త్రి. పౌడర్‌కి నేనిచ్చే చోటు చాలా చిన్నది, జుట్టు లాగేశాక గోడలకి మిగిలిన పల్చటి జిడ్డుకి, అదీ నీళ్ళు పారుతున్న తూములో, డబ్బా మీద రాసినంతే, గ్లౌజులూ కళ్ళద్దాలూ పెట్టుకుని, కిటికీ తీసి. సెప్టిక్ ట్యాంక్‌కి పోయే లైన్ అయితే అది కూడా వద్దు, ట్యాంకులో మురుగుని అరిగించే సూక్ష్మజీవులు చస్తాయి.

యాత్ర తర్వాత మేం మార్చుకున్నవి రెండే. టబ్బు కన్నం మీద సన్న కన్నాల స్టీలు జాలీ పెట్టాం, తలంటు అయ్యాక ఎవరి జుట్టు వాళ్ళే తీసి చెత్తలో వెయ్యాలి, వదిన గోడకి చిన్న డబ్బా కూడా తగిలించింది. సముద్రం నుంచి వస్తే ఇసుక కాళ్ళు పెరట్లో కుళాయి దగ్గరే, అక్కడ బకెట్ ఎప్పుడూ నింపి ఉంచుతాం. కుంకుడు పులుసు గుడ్డలో వడకట్టి తీసుకెళ్ళమని పెద్దమ్మకి చెప్తే, మా ఊళ్ళో ఎప్పుడూ అలగే చేస్తాం, మీరే మానేశారు అంది.